మూడు వారాలకోసారి రక్తం: ఒక తల్లిదండ్రుల సంస్థ పాతికేళ్లుగా వేస్తున్న లెక్క

హైదరాబాద్ శివరాంపల్లిలో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అనే సంస్థ ఉంది. థలసీమియా, సికిల్ సెల్ అనేవి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు. ఇవి ఉన్న పిల్లల తల్లిదండ్రులు, కొందరు డాక్టర్లు కలిసి 1998లో ఈ సంస్థను మొదలుపెట్టారు. పిల్లలు పొద్దున వస్తారు, రక్తం ఎక్కించుకుంటారు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. రెండు మూడు వారాలకు మళ్లీ వస్తారు. ఎక్కించినందుకు డబ్బు తీసుకోరు.

ఇంతవరకు వింటే పిల్లల కోసం పనిచేసే ఏ సేవా సంస్థ కథైనా ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ ఈ కథలో ఒక చిక్కు ఉంది. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డకు దాతలు ఆపరేషన్ చేయిస్తే చాలాసార్లు ఆ సాయం అక్కడితో పూర్తవుతుంది. థలసీమియా బిడ్డకు చేసే సాయానికి ముగింపు లేదు. పైగా ఆ బిడ్డకు ముందుగా కావాల్సిన వస్తువు ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు, అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, కొని దాచుకుందామంటే నెలన్నరకు మించి నిలవ ఉండదు. దానికితోడు, సంస్థ తన పని ఎంత బాగా చేస్తే అంత బరువు పెరుగుతుంది. ఎందుకంటే బతికిన ప్రతి బిడ్డా వచ్చే ఏడాది ఇంకాస్త పెద్దవుతాడు, ఇంకాస్త ఎక్కువ రక్తం కావాలి.

ఈ చరిత్ర అర్థం కావాలంటే ముందు జబ్బు సంగతి చూడాలి.

మన రక్తానికి ఎరుపు రంగునిచ్చే హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసును తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఒకటి పాడైనా రెండోది పని నెట్టుకొస్తుంది. ఆ మనిషికి జబ్బు ఉండదు, రక్తం కాస్త తక్కువగా ఉంటుందేమో అంతే. వాళ్లనే క్యారియర్ అంటారు, థలసీమియా మైనర్ అని కూడా అంటారు. రెండూ పాడైతే అది థలసీమియా మేజర్.

మేజర్ ఉన్న బిడ్డ కూడా పుట్టినప్పుడు బొద్దుగా, ఆరోగ్యంగానే ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు శిశువు వాడుకునే హిమోగ్లోబిన్ వేరు, దానికి బీటా గొలుసు అక్కర్లేదు. పుట్టాక కొన్ని నెలలకు అది తగ్గిపోయి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ రావాల్సిన సమయంలో అసలు సమస్య బయటపడుతుంది. ఆరో నెల తర్వాత బిడ్డ పాలిపోతుంది, పాలు సరిగా తాగదు, బరువు పెరగదు, ప్లీహం ఉబ్బి పొట్ట పెద్దదవుతుంది. ఎముకల్లోని మజ్జ రక్తం తయారుచేయాలని విపరీతంగా ప్రయత్నించి పెరిగిపోవడంతో ముఖం ఎముకలు కూడా వెడల్పవుతాయి. రక్తం ఎక్కించకపోతే ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది కొన్నేళ్లకు మించి బతకరు. 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టర్ ఈ లక్షణాలన్నిటినీ కలిపి ఒక జబ్బుగా గుర్తించాడు.

మన దగ్గర గుర్తించడంలోనే పెద్ద ఇబ్బంది ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతమందిలో ఈ ఒక్క బిడ్డ రక్తహీనత వేరు అని ఎవరు పట్టుకోవాలి? పాలిపోయిన బిడ్డను తీసుకెళ్తే సహజంగా ఐరన్ టానిక్ రాస్తారు. మామూలు పిల్లలకు అది మందు. థలసీమియా మేజర్ బిడ్డకు హానే తప్ప మేలు లేదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఇలా టానిక్‌లు మార్చుకుంటూ నెలలు గడిచిపోయాక ఎవరో ఒకరు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష రాస్తారు. ఆ రోజు తల్లిదండ్రులు వినే మాట 'జీవితాంతం రక్తం ఎక్కించాలి' అని.

సికిల్ సెల్ కథ కొంచెం వేరు. అక్కడ బీటా గొలుసు తయారవుతుంది గానీ అందులో ఒక చిన్న మార్పు ఉంటుంది. దానివల్ల ఎర్రకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని ఒళ్లు నొప్పులు, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు వస్తాయి. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. తెలుగు నేలపై ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు, సీతంపేట లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది ఉంది. రెండు జబ్బులకూ ఒకే సంస్థ ఎందుకని అడగొచ్చు. రెండూ ఒకే జన్యువులోని లోపాలు, పట్టుకునే పరీక్ష కూడా ఒకటే. ఒక పక్క నుంచి థలసీమియా జన్యువు, మరో పక్క నుంచి సికిల్ జన్యువు వచ్చి రెండూ కలిసిన జబ్బుతో పుట్టే పిల్లలు కూడా ఉన్నారు.

1998లోనే ఎందుకు?

రక్తం విషయంలో మన దేశానికి 1998 ముఖ్యమైన సంవత్సరం. అంతకుముందు రక్తం అమ్ముకునే మనుషులు ఉండేవాళ్లు. పేదరికం వల్ల, కొన్నిసార్లు తాగుడు అలవాటు వల్ల, ఆరోగ్యం పాడైనవాళ్లు కూడా పదే పదే రక్తం ఇచ్చి డబ్బు తీసుకెళ్లేవాళ్లు. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరిలో తీర్పు ఇస్తూ ఈ పద్ధతిని రెండేళ్లలో ఆపాలని చెప్పింది. 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడంపై నిషేధం వచ్చింది.

మంచి తీర్పే. కానీ అమ్మేవాళ్లు ఆగిపోయినంత వేగంగా ఊరికే ఇచ్చేవాళ్లు పెరగలేదు. ఆ ఖాళీని ఎవరు పూడ్చాలన్న ప్రశ్న ప్రతి రాష్ట్రంలోనూ వచ్చింది. మన దగ్గర దానికి దొరికిన జవాబుల్లో ఒకటి పూర్తిగా తెలుగువాళ్లదే. అదే ఏడాది అక్టోబరు 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలైంది. హీరో పుట్టినరోజుకు ఫ్యాన్స్ అసోసియేషన్లు రక్తదాన క్యాంపులు పెట్టడం ఆ తర్వాత ఊరూరా అలవాటైంది. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లను చూశాను, నాకు మాత్రం అది చాలా విలువైన పని. రక్తం ఇస్తే నీరసం వస్తుందని భయపడే ఊళ్లలో పాతికేళ్ల కుర్రాళ్లను క్యూలో నిలబెట్టడం ఏ ప్రభుత్వ పోస్టర్ వల్లా అయ్యే పని కాదు.

తల్లిదండ్రుల సంస్థ పుట్టిన కాలం కూడా అదే. వాళ్ల కష్టం వేరుగా ఉండేది. ఆపరేషన్ కోసం రక్తం కావాల్సినవాళ్లకు ఆస్పత్రిలో 'ఒక ప్యాకెట్ ఇస్తాం, బదులుగా మీవాళ్లతో ఒక ప్యాకెట్ ఇప్పించండి' అంటారు. జీవితంలో ఒకసారి అయితే బావమరిదో, పక్కింటి అబ్బాయో వచ్చి ఇస్తాడు. మూడు వారాలకోసారి బదులు డోనర్‌ను తీసుకురమ్మంటే చుట్టాల జాబితా ఏడాదిలో అయిపోతుంది.

లెక్క వేసి చూడండి. ఒక పదేళ్ల బిడ్డ బరువు 25 కిలోలు అనుకుందాం. కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించాలి, అంటే ప్రతిసారీ దాదాపు ఒక ప్యాకెట్. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 ప్యాకెట్లు. మన నిబంధనల ప్రకారం మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి మాత్రమే రక్తం ఇవ్వాలి. అంటే ఒక్కసారి కూడా తప్పకుండా వచ్చే నలుగురైదుగురు డోనర్లు ఈ ఒక్క బిడ్డకే కావాలి. ఆ బిడ్డ యాభై కిలోల మనిషయ్యేసరికి ఎనిమిది తొమ్మిది మంది. ఇలాంటి పిల్లలు వేలల్లో ఉంటే ఎంతమంది కావాలో ఇక చెప్పక్కర్లేదు.

అందుకే సంస్థలు తమ సొంత బ్లడ్ బ్యాంకు, సొంత క్యాంపుల వైపు వెళ్లాయి. ఎండాకాలం ప్రతిసారీ ఒక పరీక్షే. మన క్యాంపులు ఎక్కువగా కాలేజీల మీద ఆధారపడతాయి, ఏప్రిల్, మేలో పరీక్షలు, సెలవులు. పిల్లల హిమోగ్లోబిన్‌కు సెలవుల సంగతి తెలియదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పెట్టినప్పుడైతే కాలేజీలు, ఆఫీసులు, బస్సులు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. రక్తం ఉన్నా బిడ్డను తీసుకురావడానికి దారి లేదు, దారి దొరికినా రక్తం చాలదు.

రక్తం దొరకడం ఒకటైతే, అది శుభ్రంగా ఉండడం ఇంకొకటి. ఏడాదికి 17 మంది రక్తం ఒంట్లోకి వెళ్తుంటే ప్రమాదం కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో పరీక్షకు దొరకని కొన్ని రోజులు ఉంటాయి, ఆ రోజుల్లో ఇచ్చిన రక్తం మామూలు పరీక్షల్లో పాసవుతుంది. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది థలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. వైరస్‌ను ఇంకా ముందే పట్టుకునే న్యాట్ అనే పరీక్ష ఉంది, కానీ దేశమంతటా దాన్ని తప్పనిసరి చేయలేదు. ఖర్చు ఎక్కువన్నది కారణం. అప్పుడప్పుడు రక్తం తీసుకునేవాళ్లకు, నెలనెలా తీసుకునే పిల్లలకు ఒకే కొలత పెట్టడం అన్యాయం అని నా అభిప్రాయం. కనీసం వీళ్లకిచ్చే ప్యాకెట్లకైనా ఆ పరీక్ష చేయాలి.

రక్తంతోపాటు లోపలికి వెళ్లే ఇనుము

ఐరన్ టానిక్ సంగతి ఇప్పుడు చెబుతాను. ఒక ప్యాకెట్ రక్తంలో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. మామూలు మనిషి తిండి నుంచి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే తీసుకుంటాడు, దాదాపు అంతే పోగొట్టుకుంటాడు. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. 17 ప్యాకెట్లంటే ఏడాదికి మూడున్నర గ్రాముల దాకా ఇనుము. ఎదిగిన మనిషి ఒంట్లో మొత్తం కలిపి ఉండేదే మూడు నాలుగు గ్రాములు. అంటే ప్రతి ఏడాదీ ఒక పెద్దమనిషి ఒంట్లోని ఇనుమంతా ఈ బిడ్డలోకి అదనంగా వెళ్తోంది. అది కాలేయంలో, గుండెలో, షుగర్‌ను అదుపులో ఉంచే క్లోమంలో పేరుకుంటుంది. ఎదుగుదల ఆగిపోతుంది, షుగర్ వస్తుంది, చివరికి గుండె దెబ్బతింటుంది. ఒకప్పుడు రక్తం ఎక్కించి కాపాడుకున్న పిల్లలను పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో ఈ ఇనుమే తీసుకెళ్లిపోయేది.

ఇనుమును పట్టుకుని బయటికి పంపే మొదటి మందు డెస్ఫెరాల్. అది మాత్ర కాదు. చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపు కట్టుకుని, రాత్రిపూట ఎనిమిది నుంచి పన్నెండు గంటలపాటు నెమ్మదిగా ఎక్కించుకోవాలి, వారంలో కనీసం అయిదు రాత్రులు. ఏడేళ్ల బిడ్డకు ప్రతి రాత్రీ పొట్ట మీద సూది గుచ్చి పడుకోబెట్టే తల్లి పరిస్థితి ఏమిటో ఊహించండి. మందు ఖరీదు మరో దెబ్బ. 1990ల మధ్యలో డెఫెరిప్రోన్ అనే మాత్రకు ప్రపంచంలో మొదట అనుమతి వచ్చింది మన దేశంలోనే. తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉండడంతో దాన్ని జాగ్రత్తగా వాడాలి, అయినా పంపు కొనలేని ఇళ్లకు అది పెద్ద ఊరట. 2005లో రోజుకు ఒకసారి వేసుకునే డెఫెరాసిరాక్స్‌కు అమెరికాలో అనుమతి దొరికింది, తర్వాత మన దగ్గరా అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడ ఈ సంస్థల పని స్వభావమే మారిపోయింది. రక్తం ఇవ్వడంతో పాటు రక్తపరీక్షలు, గుండె, హార్మోన్ల పరీక్షలు, మందులు, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ అన్నీ ఒకేచోట చూడాల్సి వచ్చింది. థలసీమియా ఇళ్లలో ఫెరిటిన్ అనే మాట తెలియనివాళ్లు ఉండరు. ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పే పరీక్ష అది. మార్కుల కార్డు కంటే ఎక్కువ టెన్షన్‌తో చూసే కాగితం. వెయ్యి లోపు ఉంటే ఆ పూట ఇంట్లో పండగే.

పూర్తిగా నయం చేసే దారి ఒకటి ఉంది, మూలకణాల మార్పిడి. అంటే రక్తాన్ని తయారుచేసే కణాలను వేరొకరి నుంచి తీసుకుని బిడ్డకు ఎక్కించడం. సాధారణంగా దానికి తోబుట్టువు కణాల రకం బిడ్డతో పూర్తిగా కలవాలి, ఒక్కొక్కరితో కలిసే అవకాశం నాలుగోవంతే. చిన్న వయసులో, ఇనుము పేరుకోకముందు చేస్తే ఫలితాలు బాగుంటాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2017లో కోల్ ఇండియా మొదలుపెట్టిన థలసీమియా బాల సేవా యోజన కింద ఎంపికైన ఆస్పత్రుల్లో ఒక్కో బిడ్డకు 10 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. ఇలాంటి కబురు జిల్లాల్లోని ఇళ్లకు చేరేది ఎక్కువగా ఈ సంస్థల ద్వారానే.

పెద్దవాళ్లైన పిల్లలు

మందులు వచ్చాక ఎవరూ సరిగా ఊహించనిది జరిగింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పిల్లల వార్డులో బొమ్మల గోడ పక్కన రక్తం ఎక్కించుకున్నవాళ్లు డిగ్రీ చేశారు, ఉద్యోగాలకు వెళ్లారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. మూడు వారాలకోసారి రోజంతా సెలవు ఇచ్చే ఉద్యోగం ఎక్కడ? నలభై ఏళ్లకు వచ్చే కాలేయం, ఎముకల సమస్యలను పిల్లల డాక్టర్ చూడాలా, ఇంకొకరా?

ఈలోగా చట్టంలోనూ మార్పు వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. హీమోఫీలియా, థలసీమియా, సికిల్ సెల్ అందులో చేరాయి. దీని గురించి చాలామందిలో గందరగోళం ఉంది కాబట్టి విడమర్చి చెబుతాను. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఉన్నత చదువుల్లోని 5 శాతం సీట్ల రిజర్వేషన్ వీళ్లకూ వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌కు మాత్రం చట్టం వేరుగా కొన్ని వైకల్యాల పేర్లు రాసింది, అందులో రక్త జబ్బులు లేవు. చదువుకోవడానికి ఒప్పుకున్న వైకల్యాన్ని ఉద్యోగం దగ్గర ఎందుకు ఒప్పుకోలేదో చట్టం చదివితే అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో థలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇది దానం నుంచి హక్కు వైపు వేసిన అడుగు, చిన్నదేమీ కాదు.

కొత్తగా పుట్టే పిల్లల లెక్క

ఇన్ని చేసినా, దేశంలో ఏటా 10 వేలకు పైగా పిల్లలు థలసీమియా మేజర్‌తో పుడుతున్నారని అంచనా. జనాభాలో మూడు నాలుగు శాతం మంది క్యారియర్లు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగోవంతు. 'మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక రెండో బిడ్డకు రాదు' అనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. అది తప్పు, ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది. తల్లి వైపు నుంచే వచ్చిందని కోడలిని తిట్టే ఇళ్లకు కూడా ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇద్దరి నుంచీ రాకపోతే మేజర్ రాదు. మేనరికాల్లో ఒకే తాత ద్వారా ఆ జన్యువు ఇద్దరికీ చేరి ఉండే అవకాశం ఎక్కువ.

సైప్రస్ అనే చిన్న ద్వీపదేశం దీన్ని దాదాపు ఆపగలిగింది. 1980ల నుంచి అక్కడ చర్చిలో పెళ్లికి ముందు పరీక్ష సర్టిఫికెట్ చూపించాలి. ఇద్దరూ క్యారియర్లని తేలినా చాలామంది పెళ్లి మానుకోలేదు, గర్భంలో పరీక్ష చేయించుకున్నారు. మన దగ్గర పెళ్లికి ముందు పరీక్ష అంటే నాకు ఒక భయం ఉంది. రిపోర్టు బయటికి పొక్కితే అబ్బాయికి ఏమీ కాదు, అమ్మాయి సంబంధాలే ఆగిపోతాయి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేసి కార్డులు ఇవ్వాలని పెట్టుకుంది. ఏజెన్సీ పల్లెలో ఆ కార్డు చేతికొచ్చిన పిల్లకు అందులో రాసింది జబ్బా, క్యారియరా, దాంతో ఏం చేయాలి అన్నది ఆమె భాషలో చెప్పే మనిషి కూడా రావాలి.

అందుకే గర్భిణికి మొదటి మూడు నెలల్లో చేసే పరీక్ష మన పరిస్థితులకు సరిపోతుందని నేను నమ్ముతున్నాను. పెళ్లి అయిపోయింది కాబట్టి సంబంధం చెడిపోయే భయం తక్కువ. ఎలాగూ రక్తపరీక్ష చేస్తారు, అందులో ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 80 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ పరీక్షలో మూడున్నర శాతం దాటితే ఆమె క్యారియర్ అని దాదాపు తేలినట్టే. అప్పుడు భర్తకు చేయాలి. అతనికి లేకపోతే థలసీమియా మేజర్ భయం లేనట్టే. అతనికీ ఉంటే పదకొండో వారం ప్రాంతంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి తెలుసుకోవచ్చు. ఆ తర్వాత గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ దంపతులే తేల్చుకోవాలి, అందులో ఇంకెవరూ జోక్యం చేసుకోకూడదు. జబ్బుతో ఇప్పటికే బతుకుతున్నవాళ్ల ముందు 'ఇలాంటివాళ్లు పుట్టకుండా చేస్తాం' అనే మాట వాడకుండా ఉంటే బాగుంటుంది. వాళ్లూ వింటున్నారు.

ఆచరణలో ఈ వరుస ఎక్కడ తెగుతుందంటే భర్త దగ్గర. గర్భిణి మొదటిసారి వచ్చేసరికే చాలాసార్లు మూడో నెల నడుస్తుంటుంది. రిపోర్టు రావడానికి వారం. భర్త ఊళ్లో లేడు, పనికి వెళ్లాడు, 'నాకేం జబ్బు లేదు, నాకెందుకు పరీక్ష' అన్నాడు, అలా ఇంకో మూడు వారాలు. సంస్థలు, ఆస్పత్రులు కొత్త యంత్రాలు కొనే ముందు ఒక చిన్న మార్పు చేసి చూడొచ్చు. మొదటి చెకప్‌కు భార్యతో పాటు వచ్చి బయట బెంచీ మీద కూర్చున్న భర్తను లోపలికి పిలిచి, అదే పూట అతని రక్తం కూడా తీసుకోవాలి. ఎదురుచూపుల్లో పోయే ఆ మూడు వారాలూ మిగిలిపోతాయి.